ఉదయం ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు: చిన్న నర్సింగ్ హోమ్‌లో డే కేర్ సర్జరీ నడిపే తీరు

హెర్నియా ఆపరేషన్ పదకొండింటికల్లా అయిపోతుంది. రెండింటికి పేషెంటు లేచి కూర్చుంటాడు, నాలుగింటికి ఇడ్లీ తింటాడు. అయినా రెండు రాత్రులు వార్డులోనే ఉంచుతాం. "రాత్రి ఏమైనా అయితే?" అన్న ప్రశ్నకు మంచం తప్ప మన దగ్గర వేరే జవాబు ఉండదు కాబట్టి. ఆ జవాబును ఎలా తయారుచేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాం. ఇరవై ముప్ఫై పడకల నర్సింగ్ హోమ్ నడిపే సర్జన్లు, మత్తు డాక్టర్లు, సిస్టర్లు, మేనేజర్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. మందుల మోతాదులు పెద్దవాళ్లకు, డాక్టర్ల వాడకం కోసం ఇచ్చినవి. పేషెంట్లు వాటిని చూసి సొంతంగా వాడకూడదు.

రాత్రి మంచం చేసే పనేమిటి

ముందు ఒక కాగితం తీసుకుని, ఆపరేషన్ అయిన రాత్రి మీ వార్డులో నైట్ డ్యూటీ సిస్టర్ నిజంగా ఏం చేస్తుందో రాయండి. నొప్పికి ఇంజక్షన్ ఇస్తుంది. వాంతులైతే మందు ఇస్తుంది. మూత్రం రాకపోతే డాక్టరుకు ఫోన్ చేసి గొట్టం వేస్తుంది. కట్టు తడిసిందేమో చూస్తుంది. కంగారుపడే ఇంటివాళ్లకు "ఇది మామూలేనమ్మా" అని చెబుతుంది. దాదాపు అన్ని చిన్న ఆపరేషన్లలోనూ ఇంతే. ఈ ఐదు పనుల్లో ఒక్కొక్కటి ఇకమీదట ఎవరు, ఎప్పుడు, దేంతో చేస్తారో ఎదురుగా రాయగలిగిన రోజు మీరు డే కేర్‌కు సిద్ధమైనట్టు. ఒక్క పనికైనా ఎదురుగా ఖాళీ మిగిలితే, ఆ పేషెంటును ఇంటికి పంపడం వదిలించుకోవడమే అవుతుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. గ్లాస్గోలో జేమ్స్ నికోల్ అనే సర్జన్ పదేళ్లలో పిల్లలకు చేసిన 8,988 ఆపరేషన్ల లెక్కను 1909లో ప్రకటించాడు. అందరినీ అదే రోజు తల్లుల చేతికిచ్చి ఇంటికి పంపాడు, ఇళ్లకు నర్సులను పంపి చూపించాడు. నర్సు ఇంటికి వెళ్లడమనే రెండో సగం లేకపోతే మొదటి సగం నిలబడేది కాదు. 1970లో అమెరికాలోని ఫీనిక్స్‌లో వాలెస్ రీడ్, జాన్ ఫోర్డ్ అనే ఇద్దరు మత్తు డాక్టర్లు ఆస్పత్రితో సంబంధం లేకుండా డే సర్జరీ కేంద్రం తెరిచారు. మన దగ్గర శుక్లాల ఆపరేషన్ ఎప్పుడో ఈ దారి పట్టింది. ఒకప్పుడు కళ్లకు గంతలు కట్టి రోజుల తరబడి పడుకోబెట్టేవాళ్లు, ఇప్పుడు చుక్కల మత్తుతో చేసి గంటలో పంపేస్తున్నారు. కంటికి చేయగలిగింది గజ్జల దగ్గర ఎందుకు చేయలేం అన్నదే ప్రశ్న.

ఏ ఆపరేషన్‌తో మొదలుపెట్టాలి

ఒకేసారి పది రకాలు పెట్టుకోకండి. మొదటి మూడు నెలలు మీ సర్జన్ చెయ్యి బాగా తిరిగినవి రెండు మూడు చాలు. గజ్జల హెర్నియా, వరిబీజం, రొమ్ములో గడ్డ తీయడం, పిల్లలకు సున్తీ లాంటివి. గంటన్నరలోపు అయిపోవాలి, రక్తం పెద్దగా పోకూడదు, తరువాతి నొప్పి మాత్రలకు లొంగాలి, నోటితో తినడం తాగడం ఆ సాయంత్రమే మొదలవ్వాలి. ఈ నాలుగూ ఉంటే సరిపోతుంది.

మొలల ఆపరేషన్ చిన్నదిగా కనిపిస్తుంది గానీ నొప్పీ, మూత్రం ఆగిపోవడమూ ఎక్కువ. దాన్ని రెండో విడతకు వదలండి. లాప్రోస్కోపీతో పిత్తాశయం తీయడాన్ని మొదట 23 గంటల మంచంతో నడపండి. అంటే మధ్యాహ్నం చేసి మర్నాడు ఉదయమే పంపడం. అలా చేసినవాళ్లలో రాత్రి నిజంగా సిస్టర్ అవసరం ఎందరికి పడిందో లెక్క రాసుకుంటే, అదే రోజు పంపదగినవాళ్లు ఎవరో మీ రిజిస్టరే చెబుతుంది. టాన్సిల్స్‌లో మొదటి రక్తస్రావం 24 గంటల్లో, అందులోనూ ఎక్కువగా తొలి కొన్ని గంటల్లో వస్తుంది. కనీసం ఆరు గంటలు కళ్లెదుట ఉంచాలి. పిల్లవాడు నిద్రలో పదే పదే గుటకలు వేస్తుంటే రక్తం మింగుతున్నాడని అనుమానించాలి. ఊరికి దూరంగా ఉండేవాళ్లను టాన్సిల్స్ తరువాత ఆ రాత్రి పంపకపోవడమే మేలు.

ఎవరిని ఎంచుకోవాలి

వయసు ఒక్కటే అడ్డు కాదు. డెబ్బై అయిదేళ్ల మనిషి ఇంట్లో తన మంచం మీద, తన మరుగుదొడ్డి దగ్గర ఉంటే రాత్రి తికమక పడడం తక్కువ. చూడాల్సింది జబ్బు అదుపులో ఉందా లేదా అని. బీపీ, షుగరు ఉండి మందులతో నిలకడగా ఉన్నవాళ్లు పనికొస్తారు. ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, మెట్లెక్కితే ఆయాసపడేవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు మొదట్లో వద్దు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు మత్తు తరువాత ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. గర్భంలోని వారాలతో కలిపి 60 వారాలు నిండని అలాంటి బిడ్డలను అదే రోజు పంపకూడదు.

గురక గురించి పేషెంటును అడిగితే లేదంటాడు, భార్యను అడగండి. గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగడం, పగలు కునుకుపాట్లు, బీపీ, లావు, వయసు యాభై దాటడం, మెడ మందం, మగవాడు కావడం... ఈ ఎనిమిదింటిలో ఐదు ఉంటే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఉందనే అనుకోవాలి. అలాంటివారికి లోకల్ మత్తుతో చేసి, మామూలు నొప్పి మాత్రలతో సరిపెట్టగలిగితేనే ఇంటికి. ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి నొప్పి) మందులు కావలసి వచ్చిందంటే రాత్రికి ఆక్సిజన్ మానిటర్ పెట్టి ఉంచేయాలి.

ఒంటితో పాటు ఇంటినీ పరీక్షించాలి. 24 గంటలు పక్కనే ఉండే పెద్ద మనిషి ఎవరు, పేరు రాసుకోండి. "ఎవరో ఒకరు ఉంటారులెండి" అంటే లేరనే అర్థం. సెల్ సిగ్నల్ ఉందా, మరుగుదొడ్డి ఇంట్లోనే ఉందా, పెరట్లో ఉందా, ఎన్ని మెట్లు ఎక్కాలి, అర్ధరాత్రి కారో ఆటోయో దొరుకుతుందా, గంటలోపు ఆస్పత్రికి చేరగలరా అని అడగండి. ఊరు దూరమైతే పేషెంటును వద్దనక్కర్లేదు. ఆ ఒక్క రాత్రికి పట్నంలో ఉన్న చుట్టాలింట్లోనో, ఆస్పత్రికి దగ్గర లాడ్జిలోనో ఉండమనండి. దగ్గరలోని ఏదైనా లాడ్జితో ముందే మాట్లాడుకుని, లిఫ్టు ఉన్న చోటో కింది అంతస్తులోనో గది, వెస్టర్న్ కమోడ్, రాత్రి తలుపు తీసే మనిషి ఉండేలా చూసుకుంటే చాలామందికి వార్డు కంటే అదే సుఖం, ఖర్చూ తక్కువ.

ముందురోజు ఫోను

డే కేర్‌కు ఒక సిస్టర్‌ను ప్రత్యేకంగా కేటాయించండి. ముందురోజు ఫోను, ఆ రోజు డిశ్చార్జి, మర్నాడు ఫోను, మూడూ ఆమెవే. ముగ్గురి చేతులు మారితే సమాచారం జారిపోతుంది.

ఆ ఫోనులో ముఖ్యమైనది ఉపవాసం. గట్టి తిండి, పాలు ఆరు గంటల ముందు ఆగాలి. నూనె, మాంసం ఉన్న భోజనమైతే ఎనిమిది గంటలు. మంచినీళ్లు, పంచదార నీళ్లు, పాలు లేని టీ మాత్రం రెండు గంటల ముందు వరకూ తాగవచ్చు. ఇక్కడ తప్పు రెండు వైపులా జరుగుతుంది. ఒకవైపు "రాత్రి పది తరువాత ఏమీ వద్దు" అని చెప్పేసి మధ్యాహ్నం కేసును కూడా ఎండగట్టడం. నీరసించి, తలనొప్పితో వచ్చిన మనిషికి ఆపరేషన్ తరువాత వాంతులూ కళ్లు తిరగడమూ ఎక్కువ. రెండో వైపు పాలు కలిపిన కాఫీ. "తిండి తినొద్దన్నారు గానీ కాఫీ వద్దనలేదుగా" అని తాగి వస్తారు. పాలున్న కాఫీ, మజ్జిగ తిండి కిందే లెక్క అని ఆ మాటల్లోనే చెప్పండి. "ద్రవపదార్థాలు" అంటే మజ్జిగ కూడా అందులోకే వస్తుందనుకుంటారు.

మందుల విషయంలో పేర్లు అడగొద్దు, మాత్రల షీటు ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. బీపీ మందుల్లో అమ్లోడిపిన్, మెటోప్రొలాల్ లాంటివి ఆ ఉదయం గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ కుటుంబం మందులు ఆపాలా వద్దా అన్నది మత్తు డాక్టర్ చెబుతారు, సాధారణంగా ఆ ఉదయం ఆపుతారు. షుగరు మందుల్లో మెట్‌ఫార్మిన్ ఆ ఉదయం వద్దు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రం మూడు రోజుల ముందే ఆపాలి. ఇవి ఇప్పుడు చవకై ఊరూరా రాస్తున్నారు, మెట్‌ఫార్మిన్‌తో కలిసి ఒకే మాత్రలోనూ వస్తున్నాయి. ఆపకపోతే ఉపవాసంలో షుగరు మామూలుగానే కనిపిస్తూ ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పెరుగుతాయి, గ్లూకోమీటర్ చూసి ఎవరూ కనిపెట్టలేరు. కాబట్టి షుగరు పేషెంట్ల షీటును ముందురోజు కాదు, ఆపరేషన్ తారీఖు ఇచ్చినరోజే చూడాలి. రక్తం పలచబడే మందులు ఆపడం గుండె డాక్టరుతో మాట్లాడాకే.

ఆ రోజు వరస

మొదటి కేసు ఎనిమిదింటికి మొదలైతేనే సాయంత్రం ఇల్లు. పూర్తి మత్తు, వెన్నులో మత్తు కేసులు ముందు, లోకల్ మత్తువి చివర. వెన్నులో మత్తు కేసు ఏదీ ఒంటిగంట దాటి మొదలుపెట్టకండి. మూడింటికి మొదలైన కేసు రాత్రి తొమ్మిదింటికి కూడా కాళ్లు కదపలేక ఉంటుంది, ఆ వేళకు ఆటోలూ ఉండవు, "ఈ పూట ఉండిపోండి" అనక తప్పదు. షుగరు పేషెంట్లను, పిల్లలను అన్నిటికంటే ముందు పెట్టండి. అందరినీ ఆరింటికే రమ్మనొద్దు, కేసుకు గంటన్నర ముందు వస్తే చాలు.

వచ్చాక బీపీ 180/110 కి తగ్గకపోతే వాయిదా వేయండి. గజ్జలు గీయడానికి రేజరు వాడొద్దు, అవసరమైతే క్లిప్పరు. హెర్నియాకు మెష్ (వల) పెడుతుంటే కోతకు ముందు 60 నిమిషాల్లోపు సెఫజోలిన్ 2 గ్రాములు ఒక్క డోసు.

ఆ తరువాత యాంటీబయాటిక్ లేదు. ఈ ఒక్క మాట మీద గట్టిగా నిలబడాలి. చాలా నర్సింగ్ హోముల్లో పేషెంటును మంచానికి కట్టేస్తున్నది గాయం కాదు, రోజుకు రెండుసార్లు నరానికి ఎక్కించే యాంటీబయాటిక్. శుభ్రమైన ఆపరేషన్‌లో కుట్లు వేశాక ఇచ్చే డోసులతో చీము తగ్గదు. సెలైన్ బాటిల్ వేలాడుతుంటేనే వైద్యం జరుగుతున్నట్టు ఇంటివాళ్లూ అనుకుంటారు, మనమూ అలవాటు పడ్డాం. బాటిల్ తీసేస్తే సగం డే కేర్ అయినట్టే.

మత్తు

గజ్జల హెర్నియాకు లోకల్ మత్తును మించింది లేదు. అరవై కిలోల మనిషికి ఇలా కలపండి: అడ్రినలిన్ ఉన్న 2 శాతం లిగ్నోకైన్ 10 మి.లీ., 0.5 శాతం బుపివకైన్ 10 మి.లీ., నార్మల్ సెలైన్ 20 మి.లీ. మొత్తం 40 మి.లీ.లో లిగ్నోకైన్ 200 మి.గ్రా., బుపివకైన్ 50 మి.గ్రా. ఉంటాయి. అడ్రినలిన్‌తో లిగ్నోకైన్ హద్దు కిలోకు 7 మి.గ్రా., బుపివకైన్ హద్దు 2 మి.గ్రా. కానీ రెండూ కలిపితే విషప్రభావం కూడా కలుస్తుంది. దీని హద్దు దీనికి, దాని హద్దు దానికి అని విడివిడిగా లెక్కేసి రెండూ నిండుగా ఇవ్వడమే ఎక్కువగా జరిగే పొరపాటు. పైన చెప్పిన మిశ్రమంలో ఒక్కోటి తన హద్దులో సగం దాటదు.

కోత గీత వెంట చర్మం కింద 5 మి.లీ., చర్మంలోనే 3 మి.లీ., లోతుగా కొవ్వులో 10 మి.లీ., తరువాత ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ (పొట్ట బయటి కండరం) పొర కనబడగానే దానికింద 8 నుంచి 10 మి.లీ. ఆ పొర కింద వేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. అక్కడ తొందరపడితే నరం పట్టుబడదు, పేషెంటు ఉలిక్కిపడతాడు, ఇక ఆపరేషన్ అంతా బిగుసుకునే ఉంటాడు. మిగిలింది ప్యూబిక్ ఎముక మొన దగ్గర, హెర్నియా సంచి మెడ దగ్గర. ప్రతిసారీ వెనక్కి లాగి చూసి ఎక్కించాలి. పేషెంటుతో మాట్లాడుతూ ఉండాలి. నోటిచుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు అంటే వెంటనే ఆపాలి. ఈ విషప్రభావానికి విరుగుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్ థియేటర్‌లోనే ఉండాలి, కిలోకు 1.5 మి.లీ. మొదటి డోసు. అది స్టోరు గదిలో ఉండి తాళంచెవి మేనేజరు దగ్గరుంటే లేనట్టే.

లోకల్ మందు కొన్నిసార్లు లోతుగా జారి తొడ నరాన్ని పట్టేస్తుంది. పేషెంటుకు నొప్పి లేదు, హుషారుగా దిగుతాడు, మోకాలు మడతపడి కూలిపోతాడు. లోకలే కదా అని నడిపించకుండా, ముందు పడుకున్నచోటే మోకాలు చాచి కాలు పైకెత్తమనండి. ఎత్తలేకపోతే కొన్ని గంటలు ఆగితే తగ్గిపోతుంది.

వెన్నులో మత్తే కావాలంటే వార్డు అలవాటును మార్చాలి. 3 మి.లీ. హెవీ బుపివకైన్ ఇచ్చి సాయంత్రం నడవమంటే ఎవరూ నడవలేరు. 1.5 నుంచి 2 మి.లీ. (7.5 నుంచి 10 మి.గ్రా.), కొద్దిగా ఫెంటనిల్ తోడు చేసి, ఆపరేషన్ వైపు పక్కకు తిప్పి పది పదిహేను నిమిషాలు ఉంచండి. గంటలోపు పనికి ప్రిజర్వేటివ్ లేని 1 శాతం క్లోరోప్రొకైన్ 40 నుంచి 50 మి.గ్రా. ఇంకా మంచిది, త్వరగా దిగిపోతుంది. సూది 25 లేదా 27 నంబరు పెన్సిల్ మొన ఉన్నదే వాడండి. లావు సూదితో రెండో రోజు తలనొప్పి తెచ్చుకుంటే ఇంటికి పంపిన సుఖమంతా పోతుంది.

వాంతులకు నాలుగు ప్రశ్నలు: ఆడమనిషా, పొగతాగని మనిషా, బస్సెక్కితే వాంతులా లేక ఇదివరకు ఆపరేషన్‌లో అయ్యాయా, తరువాత ఓపియాయిడ్ ఇవ్వబోతున్నామా. రెండింటికి అవునంటే వాంతి అవకాశం నూటికి నలభై, నాలుగింటికీ అయితే ఎనభై. రెండు దాటితే రెండు మందులు: మత్తు మొదట్లో డెక్సామెథసోన్ 4 నుంచి 8 మి.గ్రా., చివర్లో ఓండన్‌సెట్రాన్ 4 మి.గ్రా. డెక్సామెథసోన్ షుగరు పెంచుతుంది, ఆ సంగతి షుగరు పేషెంటు ఇంటివాళ్లకు చెప్పాలి.

మూత్రం

డే కేర్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. గజ్జలు, మలద్వారం దగ్గర ఆపరేషన్లు, వెన్నులో మత్తు, ప్రొస్టేట్ పెరిగిన పెద్దాయన... ఈ మూడూ ఒకచోట కలిస్తే మూత్రం ఆగుతుందనే అనుకోండి. మనం ఎక్కించే సెలైన్ దాన్ని రెట్టింపు చేస్తుంది. స్పర్శ తెలియని మూత్రాశయంలోకి రెండు లీటర్లు నింపితే అది సాగిపోయి, తరువాత ముడుచుకోలేదు. ఇలాంటివారికి అర లీటరుతో ఆపండి. థియేటర్‌లోకి వెళ్లేముందు మూత్రానికి వెళ్లి రమ్మనండి.

తరువాత రాకపోతే పొట్ట తట్టి చూసి ఊహించకండి. అల్ట్రాసౌండ్ ఎలాగూ ఉంటుంది. పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో గుణించి 0.52తో హెచ్చిస్తే మి.లీ.లు వస్తాయి. అయిదు వందలు దాటి, ప్రయత్నించినా రాకపోతే ఒకసారి సన్నని గొట్టంతో ఖాళీ చేసి తీసేయండి. పైన చెప్పిన ముప్పు ఉన్నవాళ్లు మూత్రం పోసే ఇంటికి వెళ్లాలి. ముప్పు లేనివాళ్లు వేచి ఉండక్కర్లేదు గానీ "ఎనిమిది గంటల్లో రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, వచ్చేయండి" అని చెప్పి పంపాలి.

పంపే ముందు అరగంట

అయిదు అంశాలకు రెండేసి మార్కులు: బీపీ, నాడి ముందున్నదానికి దగ్గరగా ఉన్నాయా, తూలకుండా నడుస్తున్నాడా, వాంతి వికారం, నొప్పి, రక్తం కారడం. పదికి తొమ్మిది వస్తే పంపవచ్చు. ఈ మార్కులు వేసే అధికారం సిస్టర్‌కు ఇవ్వండి. సర్జన్ తన షరతులు థియేటర్‌లోనే రాసి సంతకం పెట్టాలి. సర్జన్ ఓపీ ముగించుకుని రౌండ్‌కు వచ్చేదాకా ఆగితే ఎనిమిదవుతుంది, ఎనిమిదికి ఎవరూ ఊరెళ్లరు.

చేసే తీరు ఇది. పేషెంటును మంచం మీద కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీసి అయిదు నిమిషాలు ఉంచాలి. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా మళ్లీ పడుకోబెట్టి అరగంట ఆగాలి. వెన్నులో మత్తు ఇచ్చి ఉంటే మలద్వారం చుట్టూ స్పర్శ వచ్చిందా, పాదం కిందికి నొక్కగలడా, కళ్లు మూసుకుని బొటనవేలు పైకుందో కిందికుందో చెప్పగలడా చూడాలి. తరువాత భార్యనో కొడుకునో పక్కన పట్టుకోమని, సిస్టర్ వెనక నడుస్తూ మరుగుదొడ్డి దాకా వెళ్లి రావాలి. రాత్రి ఇంట్లో పట్టుకోవాల్సింది వాళ్లే కదా, ఆ పట్టు ఇక్కడే నేర్పాలి.

తిరిగి వచ్చాక కట్టు చూపించండి. మరక ఉంటే బాల్‌పెన్నుతో దాని అంచు చుట్టూ గీత గీసి, పక్కన సమయం రాయండి, "4:40" అని. "రాత్రి పడుకునేముందు చూడండి. మరక ఈ గీత లోపలుంటే నిశ్చింతగా పడుకోండి. రెండు వేళ్ల వెడల్పు బయటికి పాకితే అరచేత్తో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టి మాకు ఫోన్ చేయండి." కాగితం మీద "అధిక రక్తస్రావం" అని రాసిస్తే ఎంతైతే అధికమో ఎవరికీ తెలియదు. ఈ గీత అయితే చదువు రాని ముసలమ్మ కూడా చూస్తుంది.

ఇంటికి కారులోనో ఆటోలోనో వెళ్లాలి, బైకు వెనక కూర్చోబెట్టి కాదు. పిల్లవాడైతే ఇద్దరు పెద్దలు ఉండాలి, ఒకరు పూర్తిగా బిడ్డనే చూసుకోవడానికి. 24 గంటలు బండి నడపడం, పొయ్యి దగ్గర పని, మద్యం తాగడం, ఆస్తి కాగితాల మీద సంతకాలు వద్దు.

నొప్పి మాత్రలు, పథ్యం

చీటీ రాసిచ్చి పంపొద్దు. ఊరు చేరేసరికి మందుల షాపు మూసేస్తారు. మాత్రలను కాగితపు కవర్లలో పెట్టి, పైన తెలుగులో వేళలు రాసి చేతికివ్వండి. యాభై కిలోలు దాటినవారికి పారాసెటమాల్ 1 గ్రాము ఆరు గంటలకోసారి, రోజుకు 4 గ్రాములు మించకుండా. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, ఆస్తమా లేనివారికి ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. తిన్నాక మూడు పూటలా, మూడు రోజులు. ట్రమడాల్ చివరి ఆసరా మాత్రమే, అది వాంతులు ఎక్కువగా తెస్తుంది.

మొదటి మాత్ర నొప్పి లేనప్పుడే వేసుకోవాలి. లోకల్ మందు పట్టి ఉండగా "నాకేం నొప్పి లేదు" అని మాత్ర వేసుకోకుండా పడుకుంటారు. అర్ధరాత్రి దాటాక మందు దిగిపోతుంది, ఒక్కసారిగా నొప్పి లేస్తుంది. అప్పుడు వేసిన మాత్ర పనిచేయడానికి ముప్పావుగంట పడుతుంది, ఈలోగా ఇల్లంతా లేస్తుంది. రాత్రి పదింటి డోసుకు అలారం పెట్టించి పంపండి. ఇంట్లో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్రలు ఉన్నాయేమో అడగండి. "ఇది కూడా నొప్పిదే" అని అవీ వేసుకుంటే పారాసెటమాల్ రెండింతలవుతుంది.

పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ తింటే దురద పెడుతుందని పథ్యం మొదలుపెడతారు. నాలుగు రోజులు చారన్నంతో గడిపి, మలబద్ధకం వచ్చి, ముక్కి ముక్కి హెర్నియా కుట్ల మీద బరువు పెడతారు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండ్లు అన్నీ తినమని ఇంట్లో వంట చేసే మనిషితోనే చెప్పండి, పేషెంటుతో చెబితే వంటింటిదాకా చేరదు. నీళ్లు బాగా తాగాలి, మూడో రోజుకూ విరేచనం కాకపోతే మందు ఇవ్వాలి.

ఫోను ఎత్తే మనిషి

రిసెప్షన్ నంబరు కాకుండా డ్యూటీ డాక్టర్ చేతులు మారే ఒక మొబైల్ పెట్టండి. రాత్రి రెండింటికి రెండో రింగుకే ఎత్తాలి. ఎత్తిన మనిషి ముందు ఆ రోజు డే కేర్ జాబితా ఉండాలి. "ఏ ఆపరేషన్, ఎవరు చేశారు?" అని అడిగితే అవతలివాళ్ల ధైర్యం అక్కడే పోతుంది. ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం అయితే 108కి చేయమని చెప్పాలి. పెద్ద ఆస్పత్రితో కేసు పంపే ఒప్పందం ముందే రాతపూర్వకంగా ఉండాలి.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సిస్టరే ఫోన్ చేయాలి. "బాగున్నారా" అంటే "బాగున్నానమ్మా" అనే వస్తుంది. రాత్రి ఎన్నిసార్లు లేచారు, మాత్రలు ఎన్ని మిగిలాయి, మూత్రం ఎన్నింటికి వచ్చింది, మరక గీత దాటిందా, పొద్దున ఏం తిన్నారు అని లెక్కలు అడగాలి. వెన్నులో మత్తు ఇచ్చినవారికి మూడో రోజు మళ్లీ చేసి, లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే పోతోందా అడగాలి. పిత్తాశయం తీసినవారికి భుజం నొప్పి గ్యాసుతో వస్తుంది, తగ్గిపోతుంది. రెండు మూడు రోజులకు కడుపునొప్పి తగ్గాల్సింది పెరుగుతుంటే, పొట్ట ఉబ్బితే, జ్వరం వస్తే మాత్రం పిత్తరసం కారుతోందేమోనని వెంటనే రప్పించాలి.

బీమా

24 గంటలు పడుకుంటేనే క్లెయిము వస్తుందన్న నమ్మకంతో రాత్రి ఉంచేవాళ్లు ఇంకా ఉన్నారు. హైదరాబాద్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్వచనం ప్రకారం, వైద్యం మెరుగుపడడం వల్ల 24 గంటల్లోపే ముగిసే ఆపరేషన్, లోకల్ మత్తుతో చేసినా, డే కేర్ చికిత్సే. ఓపీలో మామూలుగా చేసేవి మాత్రం అందులోకి రావు. అందుకే కాగితాలు కీలకం. ఇన్‌పేషెంట్ నంబరు, అడ్మిషన్ సమయం, మత్తు రికార్డు, థియేటర్ నోట్, డిశ్చార్జి సమయం అన్నీ ఉండాలి. ఓపీ చీటీ మీద "మైనర్ ప్రొసీజర్" అని రాస్తే తిరస్కరణను మనమే రాసిచ్చినట్టు. మర్నాటి సమయం వేసి 24 గంటలు చూపించడం మోసం, అవసరమూ లేదు.

2024 నిబంధనల ప్రకారం క్యాష్‌లెస్ అనుమతిపై గంటలో, డిశ్చార్జి అనుమతిపై మూడు గంటల్లో బీమా కంపెనీ నిర్ణయం చెప్పాలి. కాబట్టి పేషెంటు లేచి కూర్చున్నాక బిల్లు పంపితే తొమ్మిదవుతుంది. థియేటర్ నుంచి బయటికి రాగానే బిల్లు, నోట్ వెళ్లిపోవాలి. గది అద్దె పోతుందని మేనేజర్ల బెంగ. ఆపరేషన్‌కు ఒకే ప్యాకేజీ ధర పెట్టండి. మూడు రోజులు ఒకరు పడుకున్న మంచం మీద అదే మూడు రోజుల్లో ముగ్గురో నలుగురో కోలుకుని వెళ్తారు.

రిజిస్టర్

ఒక రూళ్ల పుస్తకం చాలు. పేరు నంబరు, ఆపరేషన్, మత్తు రకం, కోత సమయం, ఇంటికి వెళ్లిన సమయం, మర్నాడు నొప్పి పదికి ఎంత, మళ్లీ వచ్చారా. చివర ఒక వెడల్పాటి గడి: "రాత్రి ఉంచాల్సి వస్తే ఎందుకు". అక్కడ "అబ్జర్వేషన్" అని రాయనివ్వకండి. నొప్పి, వాంతి, మూత్రం, రక్తం, ఆలస్యంగా మొదలైంది, తీసుకెళ్లడానికి మనిషి రాలేదు... వీటిలో ఏదో ఒకటి రాయాలి. నెలాఖరున సర్జన్, మత్తు డాక్టర్, సిస్టర్ కూర్చుని ఆ ఒక్క గడి చదవండి. మూత్రం అని ఎక్కువ ఉంటే సెలైన్, వెన్నులో మత్తు డోసు తగ్గించాలి. మనిషి రాలేదని ఉంటే ముందురోజు ఫోనులో పేరు, నంబరు అడగడం లేదన్నమాట. ఆలస్యమని ఉంటే మర్నాటి నుంచి మొదటి పేషెంటు థియేటర్ బల్ల మీదికి ఎన్నింటికి చేరుతున్నాడో గడియారం చూసి రాయడం మొదలుపెట్టండి.